ఎదురు చెప్పని మనుషులు

కేంద్రం, రెండో అంతస్తు, పన్నెండో గది
ఫిబ్రవరి 1

ఒరేయ్ తమ్ముడూ,

అక్షరాలు వంకర్లు పోతే తిట్టుకోకు. ఒంట్లో బాగానే ఉంది. నెల రోజుల తర్వాత కలం పట్టుకున్నాను, అంతే. ఈరోజు మాకు బయటి రోజు. నెలకొకసారి, ఒకటో తారీకున, తల మీంచి టోపీ తీసి, ఒళ్ళు తుడిచి, వరండాలో అటూ ఇటూ నడిపించి, రక్తం తీసుకుని, సాయంత్రం దాకా మామూలు మనుషుల్లా వదిలేస్తారు. ఉత్తరాలు చదువుకోవడం, రాసుకోవడం ఆ రోజే. ఫోన్లు లేవు. చూడడానికి ఎవరూ రాకూడదు. ఏడాది పాటు బయటి గోల మాకు తగిలితే వాళ్ళ పరిశోధన పాడవుతుందట. వెళ్ళిపోతానంటే మాత్రం ఆ క్షణమే పంపేస్తారు. సంతకం పెట్టించేముందు డాక్టరమ్మ ఆ మాట మూడుసార్లు చెప్పింది.

ఆ యంత్రానికి ఏదో పెద్ద పేరుంది. ఇక్కడ అందరం టోపీ అనే అంటాం. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నా అంతట నేనే వచ్చి టోపీ పెట్టించుకున్నానని నువ్వు నవ్వుతావు. నవ్వుకో.

కానీ ఎలా చెప్పను నీకు! ఆ టోపీ కింద, మంచం మీద పడుకునే, నేను ఈదానురా. ముప్ఫై నాలుగేళ్ళు హోటల్ లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నిలబడిన కాళ్ళు ఇవేనా అనిపించింది. మోకాళ్ళ నెప్పి అనేది ఒకటుండేదని కూడా గుర్తు లేదు. నీళ్ళు గోరువెచ్చగా, అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి. తర్వాత పాడాను. గొంతు ఎంత పైకి తీసుకెళ్తే అంత పైకి వెళ్ళింది. ఒకసారి ఎవరో నా వెనక కూర్చుని గంటలకొద్దీ జుట్టు దువ్వుతూ ఉన్నారు. ఎవరా అని వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ పోయాక నా జుట్టు ఇంకొకళ్ళు దువ్వలేదు కదా. అప్పుడు నాకు పద్నాలుగు, నీకు ఆరు.

సాయంత్రం ఒక కాగితం ఇస్తారు. అందులో రెండు గళ్ళు. తృప్తి పదికి ఎంత, విసుగు పదికి ఎంత. మనిషికి సుఖం అంతూపొంతూ లేకుండా ఇస్తే కడుపు నిండుతుందా, మొహం మొత్తుతుందా అన్నది వాళ్ళు తేల్చాలట. నేను తృప్తికి పది, విసుగుకి సున్నా వేశాను.

"కాస్త ఆలోచించుకుని వెయ్యండి" అంది డాక్టరమ్మ.

"ఆలోచించే వేశానమ్మా" అన్నాను.

మరదలిని అడిగానని చెప్పు. చెబితే ఏమంటుందో నాకు తెలుసు. అయినా చెప్పు.

అక్క


ఇల్లు
ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం పైకి చదివాను. తను చెప్పులు తొడుక్కుంటూ విన్నది. "ఏమండీ, మీ అక్కకి విసుగు పుట్టదు. ఆవిడ చేతిలో పడ్డందుకు ఆ యంత్రానికే పుడుతుంది" అంది. నువ్వు అడిగావన్న మాట చెబితే "సరే" అంది. అంతకు మించి ఒక్క అక్షరం రాలలేదు. మీ ఇద్దరి మధ్య రాయబారం చేసీ చేసీ నేను ముసలివాణ్ణి అయిపోయాను.

మొన్న ఒక అపార్టుమెంటులో లిఫ్టు నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగిపోయిందని ఫోనొస్తే పరుగెత్తాను. లోపల సంగీతం మాస్టారు ఒకాయన, తన వయొలిన్‌తో సహా. నేను పైన మోటారు గదిలో కుస్తీ పడుతుంటే ఆయన కింద వాయించడం మొదలుపెట్టాడు. మెట్ల మీద జనం చేరిపోయారు. చివరికి కిందికి దించి తలుపు తీస్తే, "ఇంకో రెండు నిమిషాలు ఆగలేకపోయావా, రాగం పూర్తయ్యేది కదా" అని నా మీద విసుక్కున్నాడు!

తనకి పది రోజులుగా కడుపులో నెప్పి. తను నేర్పే డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరినావిడ క్లచ్ వదిలే తీరుకి పేగులు కదిలిపోయాయంటోంది. రేపు డాక్టరుకి చూపిస్తాను.

నువ్వు సుఖంగా ఉండు అక్కా. నీ వంతు సుఖం ఎప్పుడో రావాల్సింది. నన్ను పెంచడంలో పడి దాన్ని గుమ్మం అవతలే నిలబెట్టేశావు.

తమ్ముడు


కేంద్రం, పన్నెండో గది
ఏప్రిల్ 1

తమ్ముడూ,

పోయిన నెల నీకు జవాబు రాయలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, బయటి రోజంతా మళ్ళీ లోపలికి ఎప్పుడు వెళ్తానా అని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నర్సు భోజనం పెడితే రెండు ముద్దలు తిని పక్కకి పెట్టేశాను. లోపల తినే తిండి ముందు అదేం తిండి!

విసుగు గురించి చెప్తాను. ఒకసారి సముద్రంలో ఉండగా ఇక చాలేమో అనే ఊహ లేవబోయింది. ఇంకా తల దాకా రాలేదు, మెడ వెనక ఎక్కడో కదిలింది. అంతే, నీళ్ళు పోయాయి, కొండ మీద మంచు, నా కాళ్ళకి జారుడు చెక్కలు. గాలిలో ఎగిరినట్టు కిందికి వచ్చాను. పక్క మంచం ఆవిడ లెక్కల టీచరుగా పనిచేసి మానేసింది, నాకంటే రెండు నెలల ముందే ఇక్కడ చేరింది. "విసుగు పుట్టకముందే అది పట్టేసుకుంటుందండీ. మీరు ఎదురు చూడక్కర్లేదు, అది రాదు" అని చెప్పింది.

ఈరోజు ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. నా సముద్రం గురించి చెప్పాను. గోడ వైపు చూస్తూ విన్నది. "నాక్కూడా ఉందండీ సముద్రం" అంది. తర్వాత ఆవిడ తన పూలతోట చెప్పింది. నేను రోడ్డు వైపు చూస్తూ విన్నాను. ఇద్దరికీ ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

అప్పుడు నీ వయొలిన్ మాస్టారి సంగతి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది. నర్సు పరుగెత్తుకొచ్చి మళ్ళీ చెప్పించుకుంది. "ఇంతకీ ఏ రాగమండీ?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. మీ తమ్ముడిని అడిగి చెప్పండి అంది. కాబట్టి ఏ రాగమో కనుక్కుని రాయి.

మరదలి కడుపునెప్పి సంగతి రాయలేదు నువ్వు. ఎలా ఉంది?

అక్క


ఇల్లు
ఏప్రిల్ 27

అక్కా,

పనుల్లో పడి ఆలస్యమైంది. రాగం పేరు మాస్టారిని అడగడం కుదరలేదు.

తన కడుపునెప్పి పోయింది. ఇప్పుడు ఏ నెప్పీ లేదు.

బాల్కనీలో కూర్చుని ఉంది. కొత్తగా నాలుగు మొక్కల కుండీలు తెచ్చుకుంది, వాటికి నీళ్ళు పోస్తోంది. ఎండ పడకుండా పాత దుప్పటి ఒకటి అడ్డంగా కట్టింది. నేను టీ ఇస్తే బాగుందని తాగింది. ఈ మధ్య నిదానం వచ్చింది మనిషిలో. నువ్వు నమ్మవు గానీ, నిన్న తనంతట తనే "వదిన ఎలా ఉందో, ఉత్తరం రాశారా?" అని అడిగింది. నేను అడిగానని రాయండి అంది.

నువ్వేమీ దిగులు పెట్టుకోకు. నీ సముద్రంలో నువ్వు హాయిగా ఉండు.

తమ్ముడు


కేంద్రం, పన్నెండో గది
జూన్ 1

తమ్ముడూ,

మరదలు నన్ను అడిగిందా! నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. ఏడోసారి లెక్కల టీచరుకి చదివి వినిపించాను. ఆవిడకి మా కథంతా చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే మధ్యాహ్నం గడిచిపోయింది, ఇద్దరం గడియారం వైపు చూడలేదు.

ఒక సంగతి గమనించాను. లోపల నేను చూసేవన్నీ నా కోసం చేసినవే. కెరటం నా ఈతకి తగ్గట్టు లేస్తుంది. దారిలో ఎదురైన మనిషి నాకు ఏ మాట ఇష్టమో ఆ మాటే అంటాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, అంతా బాగుంటుంది. కానీ మీ బాల్కనీలో కట్టిన పాత దుప్పటి ఉంది చూడు, అది నా కోసం కట్టింది కాదు. నేను ఉన్నా లేకపోయినా అది అక్కడ ఉంది. అలాంటిది నా దగ్గర నీ ఉత్తరం ఒక్కటే ఉంది.

కాగితంలో మాత్రం ఈసారీ పది, సున్నా. అబద్ధం రాయలేను కదా.

ఇంకా రాయి. ఏ మొక్కలు తెచ్చుకుంది? స్కూలుకి వెళ్తోందా? ఎవరినైనా తిట్టిందా?

అక్క


ఇల్లు
జులై 16

అక్కా,

వెళ్తోంది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఒకడు కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటానని వచ్చాడట. పిల్లలు వద్దంటే పట్టుబట్టి చేరాడట. తను ఆయనకి ఎంతో ఓపికగా నేర్పుతోంది. తప్పు చేస్తే నవ్వి ఊరుకుంటోందట. ఆయన సంతోషం పట్టలేక తనకి ఒక గులాబీ మొక్క తెచ్చిచ్చాడు. దాన్ని బాల్కనీలో పెట్టింది. మొగ్గ వేసింది.

వదిన వస్తే ముందు గది ఇద్దాం, గాలీ వెలుతురూ బాగుంటాయి అంటోంది. కర్టెన్లు మార్చాలంటోంది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

తమ్ముడు


కేంద్రం, పన్నెండో గది
సెప్టెంబరు 1

తమ్ముడూ,

డాక్టరమ్మ ఈరోజు నన్ను గదికి పిలిచింది. నా ఫలితాలు చాలా బాగున్నాయట. ఏడాది అయ్యాక కూడా ఉండిపోవచ్చని, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఉంచుకుంటామని చెప్పింది. అక్టోబరు ఆఖరుకి సంతకం పెట్టాలి. ఆ తర్వాత బయటి రోజులు కూడా ఉండవు. పెట్టాలనే ఉంది. ఎందుకు ఉండకూడదో చెప్పమంటే నా దగ్గర కారణం లేదు.

కానీ మరదలు ముందు గది అన్నదగ్గర్నుంచి మనసు అక్కడే తిరుగుతోంది. తనకి విడిగా ఒక కాగితం రాశాను. ఇందులోనే పెట్టాను. నువ్వు చదవకుండా ఇచ్చెయ్యి. చదివినా పరవాలేదు గానీ, ఇచ్చేటప్పుడు పక్కన నిలబడకు. తను ఏమంటుందో చూసుకుని నేను సంతకం సంగతి తేల్చుకుంటాను.

అక్క


(ఆ ఉత్తరంలో మడిచి పెట్టిన కాగితం)

మరదలికి,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పదకొండేళ్ళ కింద మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించిన నీలం చొక్కా నేను తీసి, నీ కళ్ళ ముందే నీళ్ళు చల్లి మళ్ళీ ఇస్త్రీ చేశాను. మీ అమ్మగారు కూడా అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నారు. నువ్వు ప్లగ్గు పీకేసి లోపలికి వెళ్ళిపోయావు. ఆ రోజు నుంచి నాతో "సరే" అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

కాలరు దగ్గర మడత ఉంది కాబట్టే చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మడత ఉన్న మాట నిజమే. కానీ వాణ్ణి పెంచింది నేనని మీ అమ్మగారి ముందు నీకు చూపించాలనే చేశాను. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే చేశాను. తప్పయిపోయింది. నీకు కోపం తీరకపోతే తీరలేదనే రాయి. రాయడం మాత్రం మానకు.

వదిన


ఇల్లు
సెప్టెంబరు 18

అక్కా,

నువ్వు మరదలికి రాసిన కాగితం నా దగ్గరే ఉండిపోయింది. ఇవ్వడానికి తను లేదు. ఏప్రిల్ పద్దెనిమిదిన పోయింది.

క్లోమంలో గడ్డ. చూసేసరికే అంతా పాకిపోయిందన్నారు. నీకు కడుపునెప్పి అని రాసిన మర్నాటి నుంచి సరిగ్గా ఎనిమిది వారాలు. నేను పక్కనే ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి. కిటికీ బయట ఎవరో చెత్తబుట్ట ఈడ్చుకెళ్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ఏప్రిల్‌లో నీకు చెబుదామనే కూర్చున్నాను. కడుపునెప్పి పోయింది, ఇప్పుడు ఏ నెప్పీ లేదు అని రాశాను. అది నిజమే కదా. తర్వాతి వాక్యం రాయాలి. రాయలేకపోయాను. చెయ్యి దానంతట అది "బాల్కనీలో కూర్చుని ఉంది" అని రాసింది. రాసి తలెత్తితే, అక్కా, నిజంగానే కూర్చుని ఉన్నట్టు అనిపించింది. రాస్తున్నంతసేపూ ఉంది. కలం మూత పెట్టగానే లేదు.

అందుకని మళ్ళీ రాశాను. నీకు పంపినవి రెండే. పంపనివి నలభైకి పైగా ఉన్నాయి, బీరువా అడుగున పెట్టాను. పనికి వెళ్ళి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా బల్ల ముందు కూర్చునేవాణ్ణి. నువ్వు గడియారం చూస్తూ కూర్చున్నానని రాశావే, నాకు తెలుసు అది ఎలా ఉంటుందో. డెబ్బై ఏళ్ళ పెద్దాయన లేడు. గులాబీ మొక్క లేదు. ముందు గది మాట తను ఎన్నడూ అనలేదు.

జులై చివరికి వచ్చేసరికి ఏదో తేడా మొదలైంది. తనతో ఏం అనిపిస్తే అది అంటోంది. టీ బాగుంది అంటోంది. నా టీ తను ఏనాడూ బాగుందనలేదక్కా. "దీన్ని టీ అంటారా, ఎవరితోనూ అనకండి" అనేది. సరే, అదే రాద్దామని చూశాను. రాశాను కూడా. కానీ అది తిట్టులా లేదు. ఎప్పుడు తిడుతుందో నాకు ముందే తెలిసిపోతోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారైనా నాకది ముందు తెలిసిందా? నలభై ఉత్తరాల్లో తను ఒక్కసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు. ఆ బల్ల ముందు కూర్చున్నది నేనొక్కణ్ణేనని అప్పుడు అర్థమైంది. ఆగస్టులో రాయడం మానేశాను.

నిన్ను రమ్మని పిలవడానికి రాయలేదు ఇది. రావద్దు కూడా. సంతకం పెట్టేముందు నీకు నిజం తెలిసి ఉండాలి, అంతే. నా మీద కోపం వస్తే తిట్టు.

తమ్ముడు


కేంద్రం, పన్నెండో గది
అక్టోబరు 3

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. వెధవా, దుర్మార్గుడా. తను పోయిన రోజున నేను మంచు కొండ మీద నవ్వుతూ జారుతున్నాను. ఐదున్నర నెలల కింద చచ్చిపోయిన మనిషి చేత కుశలం అడిగించుకుని మురిసిపోయాను. తన గురించి ఒక్క కన్నీటి బొట్టు కార్చే హక్కు కూడా నాకు లేకుండా చేశావు. నేనేమైనా చిన్నపిల్లనా? నిన్ను ఎత్తుకుని తిప్పిన దాన్ని.

ఉత్తరం ఒకటో తారీకున అందింది. పైకి, గట్టిగా చదివాను. నర్సు వచ్చి నాడి చూసింది. నీతో అబద్ధం ఆడదలచుకోలేదు కనుక తర్వాత ఏం చేశానో చెప్తాను. నన్ను లోపలికి పంపెయ్యండి, ఇప్పుడే, అన్నాను. వాళ్ళు టోపీ పెట్టారు. నేను సముద్రం అడగలేదు. మరదలిని అడిగాను.

వచ్చింది. డ్రైవింగ్ స్కూలు ఖాకీ కోటు, మెడలో తాళాల గుత్తి. చొక్కా విషయం చెప్పి తప్పయిపోయింది అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుంది. "అదెప్పటి మాట వదినా, నేను అప్పుడే మర్చిపోయాను" అంది. ఎంత హాయిగా అనిపించిందో తెలుసా! ఒళ్ళంతా వెచ్చబడింది. ఇంకొక్క నిమిషం అలా ఉంటే ఇక బయటికి రావడం నా వల్ల అయ్యేది కాదు.

కానీ అంత సులువుగా మర్చిపోయే మనిషి కాదురా తను. పదకొండేళ్ళు నాతో మాట్లాడకుండా ఉన్న మనిషి. అదేం చిన్న విషయమా? ఎంత పట్టుదల ఉండాలి! అదంతా తుడిచేసి, ఒక చిరునవ్వు పులిమి నా ముందు నిలబెట్టారు. తనని ఇంకోసారి అవమానం చేస్తున్నట్టు అనిపించింది, ఈసారి తను ప్లగ్గు పీకే వీలు కూడా లేకుండా. తీసెయ్యండి అని అరిచాను. తీసేశారు. మళ్ళీ పెట్టుకోలేదు.

ఈ రెండు రోజులూ ఏడుస్తూనే ఉన్నాను. ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు. ఆ ఎనిమిది వారాల్లో తను నా పేరు ఎత్తిందా? ఎత్తితే ఏమంది? ఉన్నది ఉన్నట్టు రాయి. తియ్యగా చేశావంటే నీ మొహం చూడను.

అక్క


ఇల్లు
అక్టోబరు 9

అక్కా,

ఎత్తింది, ఒక్కసారి. ఇది చెప్పకూడదనుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆస్పత్రిలో రిపోర్టులు వచ్చిన రోజు. అక్కకి రాస్తాను, వచ్చేస్తుంది అన్నాను.

"రాయకండి" అంది.

"అదేంటి, తెలిస్తే బాధపడదా?"

"ఆవిడ వస్తుంది. వచ్చి ఈ మంచం పక్కన కూర్చుంటుంది. కూర్చుని నా దుప్పటి మడతలు సరిచేస్తుంది. వద్దని అనలేను, లేచి వెళ్ళిపోనూలేను. పోయేముందు కూడా నా పక్క ఆవిడకి నచ్చినట్టే ఉండాలా?"

"ఆ చొక్కా సంగతి ఇంకా మర్చిపోలేదా నువ్వు?"

"మర్చిపోలేదు. మర్చిపోను. నేను పోయాక మీరు మాత్రం మా ఇద్దరికీ రాజీ కుదిర్చేసి కథలు చెప్పకండి."

నేను సరిగ్గా అదే చేశాను.

అటు తిరిగి పడుకుంది. గోడ వైపు నుంచే అంది. "ఆవిడ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన కోసం ఏదో చేసుకుంటోంది. దానికి నేను అడ్డం పడ్డానని అనిపించుకోను. ఆ మాట ఆవిడ నోట పడాలని లేదు నాకు." ఆ తర్వాత నీ ప్రస్తావన రాలేదు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

ఇంకొకటి. తను పోయిన వారానికి ఎర్ర కారులో ఒకాయన ఇంటికి వచ్చాడు. తన దగ్గర నేర్చుకున్నాడట. గుమ్మంలో నిలబడి "మేడం ఒకసారి నన్ను నడిరోడ్డు మీద నా కార్లోంచే దించేసి, తనే నడుపుకుంటూ వెళ్ళిపోయారండీ" అన్నాడు. ఎందుకని అడిగేలోపే భోరున ఏడ్చి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఈ మాట తను నాతో ఎప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు


కేంద్రం, కింది అంతస్తు
అక్టోబరు 20

తమ్ముడూ,

దుప్పటి మాట చదివి ముందు నవ్వాను. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఆ పైన ఏడ్చాను. అది తనే. ఇంకెవరూ అలా అనలేరు, నువ్వు రాయలేవు, ఆ టోపీ జన్మలో తయారు చెయ్యలేదు. నిజంగానే సరిచేసేదాన్నిరా. ఇప్పుడు ఇక్కడ కూర్చుని కూడా నర్సు పరిచిన పక్క చూసి నా చేతులు ఊరుకోవడం లేదు. తను నన్ను అంత బాగా ఎరుగునని అనుకోలేదు.

లెక్కల టీచరుకి చదివి వినిపించాను. నేను బతిమాలితే ఆవిడకి ఒక్క గంట టోపీ తీశారు. ఆవిడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "మీరు వెళ్ళిపోతారా?" అంది. వెళ్తానన్నాను. మీరూ రాకూడదా అన్నాను. "నాకు అక్కడ ఎవరున్నారండీ, తిట్టడానికైనా" అని తన మంచం ఎక్కి టోపీ పెట్టించుకుంది. ఇంటి అడ్రసు ఒక కాగితం మీద రాసి ఆవిడ దిండు కింద పెట్టి వచ్చాను.

డాక్టరమ్మ ఆఖరి కాగితం ఇచ్చింది. పది, సున్నా అనే వేశాను. "మరి ఎందుకు వెళ్తున్నారు?" అని అడిగింది.

"విసుగు పుట్టి వెళ్తున్నానని మాత్రం రాసుకోకండి, అది అబద్ధం అవుతుంది" అన్నాను.

"మరేమని రాయను?"

"మా మరదలు పోయిందమ్మా, అందుకని రాయండి."

ఆ కాగితంలో అలాంటిది రాసుకునే గడి లేదట.

నీకు అబద్ధం చెప్పను. నాకు భయంగా ఉంది. కాళ్ళు కాస్త నిలదొక్కుకునేదాకా అని నన్ను కింది అంతస్తులో ఉంచారు. వరండాలో ఇరవై అడుగులు వేస్తే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. నిద్రలో నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, లేచి చూస్తే ఫ్యాను. కొన్నాళ్ళు నేను చిరాకు పడతాను, తిండి బాగాలేదంటాను, కిటికీ దగ్గర కూర్చుని ఎటో చూస్తాను. ఓర్చుకో. నిన్ను చూసుకోవడానికి వస్తున్నానని అనుకోకు, నాకే ఒకరు పట్టుకుంటే గానీ మెట్లు ఎక్కలేను. బుధవారం పది గంటల బస్సు. స్టాండుకి రా.

బీరువా అడుగున ఉన్నవాటిని పారెయ్యకు, నాకు చూపించకు. తన బట్టలు ఎక్కడ ఎలా ఉన్నాయో అలాగే ఉంచు. నేను వాటి మీద చెయ్యి వెయ్యను.

ఒక పని చేసి పెట్టు. డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి, తన దగ్గర నేర్చుకున్నవాళ్ళ పేర్లు, అడ్రసులు రాయించుకురా. తిట్లు తిన్నవాళ్ళు, మధ్యలో మానేసినవాళ్ళు, అందరివీ. నా కాళ్ళు కాస్త కుదుటపడ్డాక ఇద్దరం ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్దాం. తను వాళ్ళతో ఏమేం అందో మనకి తెలియదు కదా. ముందు ఎర్ర కారు ఆయన దగ్గరికి. నడిరోడ్డు మీద ఎందుకు దించేసిందో అడగాలి.

అక్క